ముసలెలుక చెప్పిన సంగతి: మా అవ్వకు సర్పి ఎందుకు లేచింది?

ఆ రోజు బుధవారం. పొద్దున పదిన్నర. బెంగళూరులో మా టీమ్ మీటింగ్ నడుస్తోంది. నల్లచెరువు నుంచి అమ్మ ఫోన్. కట్ చేశా. మళ్లీ చేసింది. మళ్లీ కట్ చేసి, 'మీటింగ్‌లో ఉన్నా' అని మెసేజ్ కొట్టా.

కాసేపటికి వాట్సాప్‌లో ఒక ఫొటో, దాని కింద వాయిస్ మెసేజ్ వచ్చాయి. "మీ అవ్వకు నడుముకాడ బొబ్బలు లేచినాయి నాయనా. ఒగటే మంట అంటాంది. సర్పి అంటాండారు అందరూ."

ఆ ఫొటో నేను చూసింది రాత్రి పదకొండుకు. జూమ్ చేసి చూశా. ఎర్రగా ఏవో పొక్కులు. 'అలర్జీ అయ్యుంటుందిలే, రెండ్రోజులు చూద్దాం' అని రిప్లై ఇచ్చి పడుకున్నా. ఇంజనీరింగ్ చదివాను కదా, అన్నీ తెలుసనుకుంటాం.

శనివారం ఊరికి పోయేసరికి అవ్వ మంచం మీద కుడివైపు ఒత్తిగిల్లి పడుకుని ఉంది. ఎడమవైపు నడుము నుంచి పొట్ట దాకా పట్టీలా బొబ్బలు. వాటి చుట్టూ కావిమట్టితో ఎవరో సింహం బొమ్మ గీశారు. సర్పికి మా పక్క అది అలవాటే. పాము రెండు కొసలూ కలిస్తే ప్రాణం పోతుందని ఊళ్లో నమ్మకం. అవ్వ ఆ భయంతో రాత్రంతా నిద్రపోకుండా చేత్తో తడుముకుంటూ కూర్చుందట, కొసలు ఎంత దూరంలో ఉన్నాయోనని.

కారెక్కించి కదిరికి తీసుకుపోయా. డాక్టరు చూడగానే చెప్పారు. "హెర్పిస్ జోస్టర్. మొదటి మూడు రోజుల్లో వచ్చుంటే మందు బాగా పనిచేసేది. ఇప్పుడూ ఇస్తాను. కాకపోతే నొప్పి కొన్నాళ్లు ఉండొచ్చు."

మూడు రోజులు. అంటే డెబ్బై రెండు గంటలు. అందులో కొన్ని నా ఫోన్‌లో చూడని మెసేజ్‌గా పడి ఉన్నాయి. మిగతావి 'రెండ్రోజులు చూద్దాం' అన్న నా తెలివిలో పోయాయి.

అరవై ఏళ్లు నిద్రపోయిన వైరస్

డాక్టరు అవ్వను ఒక ప్రశ్న అడిగారు. "చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా?"

"పోసింది సార్. ఏడెనిమిదేండ్లప్పుడు. వేపమండలేసి పడుకోబెట్టినారు మా యమ్మ" అంది అవ్వ.

ఇప్పుడు అవ్వకు డెబ్బై నాలుగు. సర్పిని లేపేదీ ఆ ఆటలమ్మ వైరసే. పొక్కులు మాడిపోయాక అది ఒంట్లోంచి పోదు. వెన్నెముక పక్కనుండే నరాల గుచ్ఛాల్లోకి వెళ్లి పడుకుంటుంది. అరవై ఏళ్లకు పైగా అవ్వ చేలో కలుపు తీసింది, నలుగురు పిల్లల్ని పెంచింది, నన్ను ఎత్తుకుని తిప్పింది. అన్నాళ్లూ అది అక్కడే ఉంది. ఏదో ఒక రోజు లేచి, ఒక్క నరం దారి పట్టుకుని చర్మం మీదికి వచ్చింది. అందుకే బొబ్బలు ఒక పక్కనే, పట్టీలా వస్తాయి. కొసలు కలవడం అనేది మామూలుగా జరగదు. ఈ ఒక్క ముక్క డాక్టరు చెప్పగానే అవ్వ ముఖంలో సగం జబ్బు పోయింది.

"మరి ఇప్పుడే ఎందుకు లేచింది సార్?" అని నేనడిగా.

"వయసు" అన్నారాయన.

నాకు ఆ జవాబు చాల్లేదు. మా ఆఫీసులో సర్వర్ పడిపోతే 'పాతదైంది' అని రిపోర్టు రాస్తే మేనేజరు ఊరుకోడు. ఏ భాగం పాతదైంది? ఎందుకు? మార్చొచ్చా? ఆ రాత్రి మిద్దె మీద పడుకుని ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టా. ప్రతి దారీ చివరకు ఒకే చోటికి పోయి ఆగింది. ఎలుకల బోను దగ్గరికి.

ఎలుకే ఎందుకు?

మాది వేరుశనగ పండే సీమ. కాయ ఇంటికొచ్చిందంటే వెనకే ఎలుకలూ వస్తాయి. అన్నట్టు ఇంగ్లిష్‌లో 'బ్యాండికూట్' అనే మాట మన 'పందికొక్కు' నుంచే పోయింది. ఎలుకల విషయంలో ప్రపంచానికి మాట అరువిచ్చిన జాతి మనది!

ల్యాబ్‌లో వాడేది ఎక్కువగా చిట్టెలుక. కారణం సింపుల్. మనిషి ముసలివాడయ్యే దాకా చూడాలంటే శాస్త్రవేత్తే ముసలివాడైపోతాడు. చిట్టెలుక ఆయుష్షు రెండు, రెండున్నరేళ్లు. 18 నుంచి 24 నెలల ఎలుక అంటే మన లెక్కలో సుమారు 56 నుంచి 69 ఏళ్ల మనిషి. ఒక పీహెచ్‌డీ పూర్తయ్యేలోపు దాని బాల్యం, యవ్వనం, ముసలితనం మూడూ చూసేయొచ్చు.

ఇంకో సౌకర్యం ఉంది. ప్రపంచమంతా ఎక్కువగా వాడే సి57 బ్లాక్ 6 అనే నల్లెలుకల వంశం 1921లో అమెరికాలో క్లారెన్స్ కుక్ లిటిల్ అనే శాస్త్రవేత్త దగ్గర మొదలైంది. ఆయన రిజిస్టర్‌లో 57వ నంబరు ఆడ ఎలుక దాని మూలం. తరతరాలుగా తోబుట్టువుల మధ్యే సంతానం పెంచడం వల్ల ఇవన్నీ దాదాపు కవలల్లా ఉంటాయి. మా భాషలో చెప్పాలంటే ఒకే కోడ్ పెట్టిన వంద మెషీన్లు. ఒకదానికి మూడు నెలలు, ఇంకోదానికి 24 నెలలు వయసుంటే, రెండింటి మధ్య తేడా వయసుదే అని గట్టిగా చెప్పొచ్చు.

ఎదలో ఉన్న బడి

మన రోగనిరోధక శక్తిలో టి కణాలు పోలీసుల్లాంటివి. వైరస్ దూరిన కణాన్ని గుర్తుపట్టి చంపేది అవే. సర్పి వైరస్‌ను నరంలోనే కూర్చోబెట్టి కాపలా కాసేదీ అవే. ఈ పోలీసులకు ట్రైనింగ్ ఇచ్చే బడి ఛాతీ ఎముక వెనక, గుండెకు పైన ఉంటుంది. పేరు థైమస్.

1961 దాకా అదెందుకో ఎవరికీ సరిగ్గా తెలియదు. లండన్‌లో జాక్ మిల్లర్ అనే యువ శాస్త్రవేత్త ఎలుకల్లో రక్త క్యాన్సర్ మీద పనిచేస్తూ, అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల్లోంచి థైమస్ తీసేశాడు. కొన్నాళ్లు బాగానే ఉన్నాయి. తర్వాత చిక్కి, ఇన్ఫెక్షన్లతో చనిపోవడం మొదలైంది. వేరే ఎలుక చర్మం అతికిస్తే సాధారణంగా ఒళ్లు తిప్పికొట్టాలి. ఇవి తిప్పికొట్టలేదు. పరాయిదాన్ని పరాయిది అని గుర్తుపట్టే తెలివే వాటికి లేదు. ఎందుకూ పనికిరాదనుకున్న కండ ముక్కే ఆ తెలివి నేర్పే బడి అని అలా బయటపడింది.

ఆ బడిలో పరీక్ష చాలా కఠినం. చేరిన వాటిలో నూటికి తొంభై ఐదుకు పైగా ఫెయిల్. ఫెయిలంటే చావే. సొంత ఒంటిమీద దాడిచేసే కణాలూ, అసలేమీ గుర్తుపట్టలేని కణాలూ అక్కడే పోతాయి. పాసైన కొద్దివాటిని 'కొత్త' టి కణాలు అంటారు. ఇంతవరకూ చూడని రోగాన్ని మొదటిసారి ఎదుర్కొనేది ఇవే.

అసలు చిక్కు ఇక్కడే. ఈ బడి మనిషితో పాటు ముసలిదవ్వదు, మనిషికంటే చాలా ముందే ముసలిదవుతుంది. ఎలుకలోనైనా మనిషిలోనైనా ఈడొచ్చే వయసు దాటిందంటే థైమస్ కుంచించుకుపోతూ ఉంటుంది. దాని జాగాలో కొవ్వు చేరుతుంది. ముసలెలుకను కోసి చూస్తే అదెక్కడుందో వెతుక్కోవాలి. కొత్త టి కణాలు తగ్గిపోయి, ఎప్పుడో జరిగిన యుద్ధాల జ్ఞాపకాలు మోసే పాత కణాలు నిండిపోతాయి.

ఫోన్ స్టోరేజీ గుర్తుచేసుకోండి. పాత ఫొటోలన్నీ భద్రంగా ఉంటాయి. కొత్త ఫొటో తీయబోతే 'స్పేస్ లేదు' అంటుంది.

జ్ఞాపకం నిజంగానే గట్టిది. 1918 నాటి ఫ్లూను చిన్నతనంలో చూసి బతికిన 32 మంది రక్తాన్ని 2008లో పరీక్షిస్తే, తొంభై ఏళ్ల తర్వాత కూడా ఆ వైరస్‌ను పట్టే యాంటీబాడీలు కనిపించాయి. కానీ అన్ని జ్ఞాపకాలూ ఒకేలా నిలవవు. ఆటలమ్మ వైరస్ మీద యాంటీబాడీలు ఉన్నా, దాన్ని కాపలా కాసే టి కణాల బలగం వయసుతో పలచబడుతుంది. కాపలావాడు కునుకు తీసిన రోజు పాము లేస్తుంది. అవ్వకు జరిగింది అదే.

పెద్దయ్యాక ఈ థైమస్‌తో పనేముందిలే అని వైద్యులూ చాలాకాలం అనుకున్నారు. గుండె ఆపరేషన్లలో అడ్డొస్తే తీసేసేవాళ్లు. 2023లో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వాళ్లు లెక్క తీశారు. థైమస్ తీసేసిన పెద్దవాళ్లలో ఐదేళ్లలో చనిపోయినవాళ్లు 8.1 శాతం. అదే గుండె ఆపరేషన్ అయ్యి, థైమస్ ఉన్నవాళ్లలో 2.8 శాతం. కుంచించుకుపోయిన బడి కూడా ఎంతో కొంత పాఠం చెబుతూనే ఉందన్నమాట.

ఒకవైపే పనిచేసే ఫ్యాక్టరీ

బడి ఒక్కటే కాదు, పిల్లల్ని పంపే ఊరు కూడా మారిపోతుంది. రక్తకణాలన్నీ ఎముక మజ్జలోని మూల కణాల నుంచి పుడతాయి. పడుచు ఎలుకలో ఆ మూల కణాలు రెండు రకాల సరుకూ సమానంగా తయారుచేస్తాయి. ఒకటి, కొత్త రోగాన్ని నేర్చుకునే టి, బి కణాలు. రెండోది, దొరికినదాన్ని మింగేసి మంట పుట్టించే కణాలు. వయసు పెరిగేకొద్దీ ఫ్యాక్టరీ రెండో సరుకువైపే ఒరిగిపోతుంది. నేర్చుకునేవాళ్లు తగ్గి, కర్ర తిప్పేవాళ్లు ఎక్కువవుతారు.

2024 మార్చిలో 'నేచర్' పత్రికలో ఒక ప్రయోగం వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన ఇర్వింగ్ వైస్‌మన్ బృందం, ఇంకొందరు శాస్త్రవేత్తలు కలిసి ముసలెలుకల మజ్జలో ఒకవైపు ఒరిగిపోయిన మూల కణాలను మాత్రమే వెతికి పట్టుకునే యాంటీబాడీ ఎక్కించారు. కలుపు తీసినట్టు అవి తగ్గాయి. దాంతో కొత్త టి, బి కణాలు పెరిగాయి. ఒంట్లో మంట తగ్గింది. ఆ తర్వాత ఒక వైరస్‌కు టీకా వేసి, అదే వైరస్ ఎక్కిస్తే, మామూలు ముసలెలుకల కంటే ఇవి బాగా తట్టుకున్నాయి.

కలుపు తీస్తే చేను కోలుకుంటుందని మా అవ్వకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ పని ఎముకలోపల కూడా చేయొచ్చని చూపించడమే ఇక్కడ కొత్త.

ఆరని పొగ

వయసొచ్చాక రోగనిరోధక శక్తి 'తగ్గుతుంది' అంటాం. పూర్తిగా నిజం కాదు. కావాల్సినప్పుడు మండదు, అక్కర్లేనప్పుడు పొగలు కక్కుతుంది. కట్టెల పొయ్యి సరిగ్గా ఆరకపోతే ఇల్లంతా పొగ ఉంటుంది చూడండి, అలా. ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాంచెస్కీ 2000లో దీనికి 'ఇన్‌ఫ్లమేజింగ్' అని పేరు పెట్టారు. వయసు, మంట రెండూ కలిపిన మాట.

ఈ పొగకు ఒక కారణం, చావకుండా, పనిచేయకుండా మొండికేసి కూర్చున్న ముసలి కణాలు. ఊరికే కూర్చోవు, చుట్టుపక్కల కణాలను కూడా చెడగొట్టే రసాయనాలు వదులుతుంటాయి. 2021లో మినెసోటా శాస్త్రవేత్తలు ఎలుకల్లో కేవలం రక్తకణాల డీఎన్ఏ రిపేరు జన్యువును తీసేశారు. రోగనిరోధక వ్యవస్థ ముందే ముసలిదైంది. దాని వెనకే మిగతా అవయవాలు కూడా ముసలివవడం మొదలుపెట్టాయి. అంటే మనం ముసలివాళ్లమవుతాం కాబట్టి ఇమ్యూనిటీ పోవడం ఒక్కటే కాదు, ఇమ్యూనిటీ ముసలిదై మనల్ని ముసలివాళ్లను చేయడం కూడా ఉంది.

అదే ఏడాది 'సైన్స్' పత్రికలో ఇంకో ప్రయోగం. ల్యాబ్ ఎలుకలు ఏసీ గదుల్లో, శుభ్రమైన బోనుల్లో పెరుగుతాయి. వాటిని పెంపుడు జంతువుల దుకాణంలో కొన్న ఎలుకలతో కలిపారు. అవి మోసుకొచ్చిన సూక్ష్మజీవుల్లో కరోనా కుటుంబానికి చెందిన ఎలుకల వైరస్ కూడా ఉంది. పడుచు ఎలుకలు తట్టుకున్నాయి. ముసలివి రెండు వారాల్లో దాదాపు అన్నీ చనిపోయాయి. మొండికేసిన ముసలి కణాలను తగ్గించే ఫిసెటిన్ అనే పదార్థం ఇచ్చిన గుంపులో మాత్రం సుమారు సగం బతికాయి.

2020, 2021లో మన ఊళ్లలో చూసింది ఇదే కదా. ఒకే ఇంట్లో ఒకే వైరస్. పిల్లాడికి రెండ్రోజుల జలుబు. తాతకు ఆక్సిజన్ సిలిండర్.

ఫిసెటిన్ స్ట్రాబెర్రీల్లో ఉంటుంది. వెంటనే ఆన్‌లైన్‌లో క్యాప్సూల్స్ వెతక్కండి. ఎలుకలో జరిగింది మనిషిలో జరుగుతుందని ఇంకా తేలలేదు. ఎందుకలా అంటున్నానో కాసేపట్లో చెబుతా.

మన హైదరాబాద్ ఎలుకలు

హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఎన్ఐఎన్ అంటే చాలామందికి తెలుస్తుంది. ఏ కూరగాయలో ఎంత ఐరన్ ఉందో చెప్పే సంస్థగానే నాకూ తెలుసు. అక్కడ ల్యాబ్ జంతువుల కేంద్రంలో పెంచుతున్న ఎలుకల్లో, ఎవరూ ఏమీ చేయకుండానే, విపరీతంగా లావయ్యే రకం ఒకటి పుట్టింది. దానికి సంస్థ పేరుతోనే డబ్ల్యూఎన్ఐఎన్/ఓబీ అని పేరు పెట్టారు. అవి ఎడతెగకుండా తింటాయి, లావెక్కుతాయి, తొందరగా ముసలివవుతాయి. మామూలు వాటి ఆయుష్షులో దాదాపు సగమే బతుకుతాయి. కంటి శుక్లాల వంటి ముసలితనం జబ్బులు ముందే వస్తాయి. అక్కడి శాస్త్రవేత్తలు దీన్ని 'ముందే వచ్చిన ముసలితనం'గా చూసి పరిశోధించారు.

వీటిలోనే షుగరు సరిగా అదుపులో లేని ఇంకో రకం ఉంది. దానికి హెపటైటిస్ బి టీకా వేసి చూసి, 2011లో ఫలితం ప్రచురించారు. మామూలు ఎలుకతో పోలిస్తే టీకాకు స్పందన మందకొడిగా ఉంది.

ఇది చదివినప్పుడు మిద్దె మీద లేచి కూర్చున్నా. అవ్వకు షుగరు పదిహేనేళ్లుగా ఉంది. అమ్మకు మొన్నే బార్డర్‌లో ఉందన్నారు. నేను రోజుకు పది గంటలు కుర్చీలో కూర్చుని, రాత్రి పన్నెండుకు బిర్యానీ ఆర్డరు పెడతా. క్యాలెండరు ప్రకారం నాకు ఇరవై ఎనిమిది. నా టి కణాల క్యాలెండరు ఎంతుందో?

మనుషుల్లోనూ మనదగ్గరి లెక్క ఒకటుంది. హైదరాబాద్‌లోనే తయారైన కోవాగ్జిన్ మూడో దశ ప్రయోగంలో 25,798 మంది పాల్గొన్నారు. ఫలితాలు 2021 నవంబరులో 'లాన్సెట్'లో వచ్చాయి. మొత్తం మీద టీకా సామర్థ్యం 77.8 శాతం. విడదీసి చూస్తే 60 లోపు వాళ్లలో 79.4, 60 దాటినవాళ్లలో 67.8. పెద్దవయసు వాళ్లలో కేసులు కొద్దిగానే ఉన్నాయి కాబట్టి ఆ 67.8ని రాతి మీద గీతలా తీసుకోకూడదు. కానీ ఎలుకలు ఏ దిక్కు చూపించాయో అంకె కూడా అటే చూస్తోంది.

ఇక్కడ చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. 'పెద్దవాళ్లకు టీకా సరిగా పనిచేయదట, ఇంకెందుకు' అంటారు. తిరగేసి ఆలోచించండి. జబ్బు వస్తే ప్రాణం మీదికి వచ్చేది వాళ్లకే. చిల్లు గొడుగని పడేసి వానలో నిలబడం కదా. ఇంకో మంచి గొడుగు చేస్తాం.

అలాంటి గొడుగులు తయారయ్యాయి కూడా. 65 దాటినవాళ్లకని 2009లో అమెరికాలో నాలుగు రెట్లు డోసున్న ఫ్లూ టీకాకు అనుమతిచ్చారు. ఇక సర్పికి వచ్చిన కొత్త టీకా షింగ్రిక్స్‌లో, నిద్రమత్తులో ఉన్న కణాలను తట్టిలేపే ప్రత్యేక పదార్థం కలిపారు. 50 దాటినవాళ్లలో అది 90 శాతానికి పైగా కాపాడింది. 2023 నుంచి మన దేశంలోనూ దొరుకుతోంది. రెండు డోసులు. ధర వేలల్లో. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే టీకాల్లో అది లేదు.

ఇవన్నీ చదివేసరికి తెల్లారింది. అవ్వకు సర్పి వచ్చాక ఆ టీకా పేరు తెలుసుకున్నాను నేను.

ఎలుక మనిషి కాదు

ఇందాక చెబుతానన్న కథ ఇదే. రాపమైసిన్ అనే మందుంది. ఈస్టర్ ద్వీపం మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని బయటికి తీసిన బృందానికి పెద్ద మన ఉపఖండంలో పుట్టిన సురేంద్రనాథ్ సెహగల్. కిడ్నీ మార్పిడి చేసినవాళ్లలో ఇమ్యూనిటీని అణచడానికి వాడతారు. 2009లో అమెరికాలో మూడు ల్యాబ్‌లు ఒకేసారి, 600 రోజుల వయసున్న ఎలుకలకు ఇచ్చి చూశాయి. మనిషి లెక్కలో అరవై ఏళ్లన్నమాట. ఆడ ఎలుకల ఆయుష్షు 14 శాతం, మగవాటిది 9 శాతం పెరిగాయి. అదే ఏడాది ఇంకో బృందం, కొన్నాళ్లు ఈ మందిచ్చి ఆపేస్తే ముసలెలుకల్లో ఫ్లూ టీకా బాగా పట్టిందని చూపించింది.

2014లో అదే కుటుంబానికి చెందిన మందును తక్కువ మోతాదులో పెద్దవయసు వాళ్లకిచ్చారు. ఫ్లూ టీకా స్పందన సుమారు 20 శాతం మెరుగైంది. అందరికీ ఆశ. తర్వాత అలాంటి దారిలోనే పనిచేసే ఇంకో మందుతో పెద్ద ప్రయోగం చేశారు. 2019 నవంబరులో ఫలితం వచ్చింది. పెద్దవాళ్లలో ఊపిరితిత్తుల జబ్బులు తగ్గలేదు. ప్రయోగం ఫెయిల్.

మా దగ్గర ఒక మాటుంది. 'నా ల్యాప్‌టాప్‌లో పనిచేసింది' అని. కస్టమర్ దగ్గర పనిచేయకపోతే ఆ మాటకు విలువ లేదు. ఎలుక శాస్త్రవేత్త ల్యాప్‌టాప్. మా అవ్వ కస్టమర్.

తేడాలు చాలా ఉన్నాయి. ల్యాబ్ ఎలుక ఒకే వంశం, ఒకే తిండి, శుభ్రమైన బోను. 2016లో మినెసోటాలోనే ఒక బృందం పోల్చి చూస్తే, ల్యాబ్‌లో పెరిగిన పెద్ద ఎలుక రోగనిరోధక వ్యవస్థ మనలో అప్పుడే పుట్టిన పాపకు దగ్గరగా ఉంది. బయట తిరిగే ఎలుకదేమో మన పెద్దవాళ్లకు దగ్గరగా ఉంది. చిన్నప్పటి నుంచి మట్టిలో, పేడలో, చెరువు నీళ్లలో, ఆటలమ్మతో, మలేరియాతో బతికిన అవ్వ ఎక్కడ, ఏసీ బోనులో పెరిగిన నల్లెలుక ఎక్కడ! పైగా ఆటలమ్మ వైరస్ ఎలుకకు మనలా జబ్బే తెప్పించదు.

అయినా బడి ఎక్కడుందో చూపించింది ఎలుకే. ఫ్యాక్టరీ ఎటు ఒరుగుతుందో చూపించింది ఎలుకే. ఆ పనికి అది ప్రాణమే ఇచ్చింది. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద, కమిటీ అనుమతి లేకుండా ఇలాంటి ప్రయోగాలు చేయకూడదు. వేరే దారి ఉంటే జంతువును వాడకూడదు, తప్పనిసరైతే తక్కువ వాటితో, తక్కువ బాధతో అన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి. కాయల మూటలు కొరికితే బోను పెట్టే ఇంట్లో పుట్టాను నేను. ఇవన్నీ చదివాక మాత్రం ఎలుకను చూస్తే కొంచెం వేరేగా అనిపిస్తోంది.

ఇప్పుడేం చేద్దాం?

మా అవ్వ విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. ఇవి గుర్తుపెట్టుకోండి.

ఒంటికి ఒక పక్కనే మంట, పోట్లు, ఆ తర్వాత పట్టీలా బొబ్బలు వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. మొదటి 72 గంటల్లో మందు మొదలైతే మేలు ఎక్కువ. కంటి దగ్గర, నుదుటి మీద వస్తే ఇంకా తొందర. సింహం బొమ్మ గీసుకుంటామంటే గొడవపడొద్దు, దారిలో గీయించుకుందాం అని బండెక్కించండి.

మీ ఇంట్లో 50 దాటినవాళ్లు ఎవరున్నారో లెక్కేయండి. సర్పి, ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి వాళ్ల డాక్టరునే అడగండి. ఎవరికేది అవసరమో, ఎప్పుడో ఆయనే చెబుతారు. షుగరు అదుపు, నిద్ర, నడక అనేవి పాత మాటలే. ఎన్ఐఎన్ ఎలుకను చూశాక నాకు మాత్రం కొత్తగా వినిపిస్తున్నాయి.

'ఇమ్యూనిటీ బూస్టర్' అని వచ్చే పొడులు, చుక్కల ఫార్వర్డులు కొంచెం ఆపండి. పొగ ఆరని పొయ్యిని ఇంకా ఊదితే ఏమవుతుందో పైన చదివారు కదా.

ఇక అన్నిటికంటే ముందు, ఇంటి నుంచి రెండుసార్లు ఫోనొస్తే ఎత్తండి. మీటింగ్‌లో ఉన్నా సరే.

అవ్వకు బొబ్బలు మూడు వారాల్లో మాడిపోయాయి. నొప్పి పోలేదు. నాలుగు నెలలు చీర కుచ్చిళ్లు తగిలినా అదిరిపడేది. పంచలో కూర్చుని కాయలు ఒలవడం ఆమెకు ఇష్టమైన పని. ఎడమ మోచెయ్యి నడుముకు తగలకుండా పక్కకు పెట్టుకుని, ఒంటిచేత్తో ఒలిచేది. ఇప్పుడు కొంచెం తగ్గింది.

పోయిన నెల అమ్మానాన్నలకు సర్పి టీకా మొదటి డోసు వేయించా. డాక్టరును అడిగి అవ్వకు ఫ్లూ సూది వేయిద్దామంటే మొండికేసింది.

"ముసిల్దానికి సూదెందుకురా? ఆ దుడ్లు పెట్టి నువ్వేదన్నా తిను. ఉండేది ఇంకెన్నాళ్లు?"

అప్పుడు ఎలుకల కథంతా చెప్పా. బడి మూతపడటం, మజ్జలో కలుపు తీయడం, హైదరాబాద్ లావు ఎలుకలు, అన్నీ. కాయలు ఒలుస్తూ వింది. చివరికి ఒకటే అడిగింది.

"ఆ ముసిలెలకలకి సూదేసేది దేనికి, అవి ఇంకొన్నాళ్లు బతకాలనా?"

"అవునవ్వా."

"ఎలక్కే అంత చేస్తాంటే, నేనేం పాపం చేసినా? రేపు పోదాం పద" అని కుడిచెయ్యి రైక పైకి మడిచి చూపించింది.